మూడు గంటలే పోసే బోరు, రెండెకరాల మొక్కజొన్న: ఆక్వాక్రాప్ లెక్కను నమ్మవచ్చునా?

ప్రశ్న (ఆనందపురం రైతు):
మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. రబీలో రెండెకరాల ఎర్రనేలలో మొక్కజొన్న వేయాలనుకుంటున్నాము. బోరు రోజుకు మూడు గంటలు పోసి, ఆపై గాలి కొడుతుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి 80 సెకన్లు పడుతోంది. మా అమ్మాయి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో) వారి ఆక్వాక్రాప్ అనే, పంటకు నీటి లెక్క కట్టే కంప్యూటర్ నమూనా నడిపితే, అది పది రోజులకొకసారి పొలమంతటికీ 50 మిల్లీమీటర్ల తడి పెట్టమంటోంది. మా బోరు సంగతి దానికెలా తెలుస్తుంది?

సమాధానం (అనకాపల్లి నుంచి):
మీ డ్రమ్ము లెక్కే అసలు మొదలండి. దాని ప్రకారం రోజుకు 27,000 లీటర్లు వస్తాయి. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు తడికి సుమారు 4,047 లీటర్లు కావాలి గనుక, 50 మిల్లీమీటర్ల తడి ఒక ఎకరానికి ఏడున్నర రోజులు, రెండెకరాలకు పదిహేను రోజులు పడుతుంది. కాలువలో ఇంకిపోయేది దీనికి అదనం. కాబట్టి తడుల తేదీలను నమూనాకు వదిలిపెట్టకుండా, బోరు ఇవ్వగల తేదీలనూ పరిమాణాలనూ మీరే నమోదు చేసి, దిగుబడి ఎంత తగ్గుతుందో చూడండి. రెండెకరాలూ ఒకేసారి విత్తితే, ఎకరంన్నరే విత్తితే, రెండో ఎకరాన్ని మూడు వారాలు ఆలస్యంగా విత్తితే ఏమవుతుందో విడివిడిగా నడపండి. తెరపై కనిపించే దిగుబడి అంకెలను పట్టుకోవద్దు, వాటి మధ్య తేడానే పనికొస్తుంది. ఎఫ్ఏవో 1979లో ప్రచురించిన గుణకాల ప్రకారం, మొక్కజొన్న వాడుకునే నీరు పదో వంతు తగ్గితే, ఎదుగుదల దశలో దిగుబడి సుమారు 4 శాతం, పూత దశలో సుమారు 15 శాతం పడిపోతుంది. రెండెకరాల్లో జల్లు (మగపూత), పీచు (ఆడపూత) ఒకే వారంలో రాకుండా చూడమనడం అందుకే.

సమాధానం (పద్మనాభం నుంచి):
పై లెక్క సరైనదే కానీ, నేల వివరాలు తప్పయితే అదంతా వృథా. నేను నమూనాలో సిద్ధంగా ఉన్న ‘లోమ్’ (ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలిసిన) నేలనే ఎంచుకున్నాను; ఇంకా వారానికి సరిపడా తేమ ఉందని తెర చెబుతుండగానే చేలో ఆకులు చుట్టుకుపోయాయి. గునపంతో తవ్వితే రెండడుగుల లోతున గులకరాళ్ల గట్టిపొర తగిలింది. వేళ్లు దిగలేని ఆ లోతును నమోదు చేశాక, అదే నమూనా తక్కువ నీటితో త్వరత్వరగా తడులు అడిగింది. వర్షపాతం కూడా విమానాశ్రయం అంకెలతో సరిపెట్టకండి, చేలోనే కొలవండి.

ప్రశ్న వేసిన రైతు:
ధన్యవాదాలండి. నిన్న గొయ్యి తీస్తే అడుగున్నరకే గునపం ఖంగుమంది. ఆ లోతుతో, 25 మిల్లీమీటర్ల తడులతో నడిపితే ఎకరంన్నరకే బోరు సరిపోయేలా ఉంది. మిగిలిన అరెకరంలో ఉలవలు చల్లుదామని మా నాన్నగారు మొదటి రోజే అన్నారు.