ఇంట్లో ఒంటరి సాధనకు ఎలాంటి మెట్రోనోమ్ తీసుకోవాలి?

వాయులీన సాధకుడు:
కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను, అలంకారాలనే తొలి స్వర పాఠాలు ముగించి వర్ణాలనే పెద్ద రచనల్లోకి వచ్చాను. గురువుగారి ఎదుట కుదురుగా సాగే పాఠం, ఇంట్లో రెండవ కాలం (రెట్టింపు వేగం) అందుకోగానే పరుగెత్తుతోంది. రెండు చేతులూ వాద్యం మీదే ఉంటాయి కనుక తాళం వేసుకోలేను, పాదంతో వేస్తే అది కూడా నాతోపాటే పరుగెత్తుతోంది. అందుకే సమాన వ్యవధుల్లో టిక్కుమంటూ లయ చూపే మెట్రోనోమ్ కొందామనుకుంటున్నాను. కీ ఇచ్చే లోలకం, చిన్న డిజిటల్ పరికరం, ఫోన్ యాప్: వీటిలో ఏది మేలో దయచేసి చెప్పగలరు.

పాత లోలకం:
సందేహించకుండా లోలకమే తీసుకోండి. మెల్జెల్ 1815లో పేటెంటు పొందిన నాటి నుండి దాని పద్ధతి పెద్దగా మారలేదు, మారవలసిన అవసరమూ రాలేదు. కడ్డీ ఊగుతూ వస్తుంటే దెబ్బ ఎప్పుడు పడుతుందో కంటికి ముందే తెలుస్తుంది. అయితే దానిని సమతలంగా ఉన్న బల్ల మీదే పెట్టాలి, లేకపోతే ఒక దెబ్బ దగ్గరగా, మరొకటి దూరంగా పడి కుంటుతుంది.

చిటికెనవేలు:
వీణలో తాళపు తీగలను చిటికెనవేలితో మీటుకుంటూనే వాయిస్తాము కనుక మాకు ఈ బాధ లేదు.

లయపిపాసి:
పాత లోలకం గారూ, మీ పెట్టెలో వేగం సాధారణంగా నిమిషానికి 40 నుండి 208 దెబ్బల వరకే ఉంటుంది. గంట ఉన్న పెట్టె కొన్నా, అది 2, 3, 4, 6 దెబ్బలకొకసారి మాత్రమే మోగుతుంది. ఐదు అక్షరాల (తాళపు లెక్కల) ఖండచాపు తాళానికి, ఏడు అక్షరాల మిశ్రచాపు తాళానికి, పద్నాలుగు అక్షరాల అట తాళ వర్ణానికి అది ఏ విధంగా పనికివస్తుందో చెప్పండి. యాప్‌లో ఏ అక్షరం మీద ఊనిక కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు.

పాత లోలకం:
యాప్ వాడేవారు చెవిలో బ్లూటూత్ పెట్టుకుంటారు. అందులో శబ్దం ఆలస్యంగా వస్తుందని అందరికీ తెలుసు. ఆలస్యంగా వచ్చే తాళంతో లయ ఎలా కుదురుతుంది?

లయపిపాసి:
ఆలస్యం ప్రతి దెబ్బకూ దాదాపు ఒకే విధంగా ఉంటుంది కనుక దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం మారదు. ఆలస్యం ఉన్నా, 60 వేగం పెడితే ఎనిమిది అక్షరాల ఆది తాళ ఆవర్తనం (తాళపు ఒక చుట్టు) ఎనిమిది సెకన్లే పడుతుంది. తెర మీద వెలిగే చుక్కను చూస్తూ వాయించేవారికో, రికార్డు చేసుకునేవారికో తప్ప దానితో చిక్కు లేదు.

పాత లోలకం:
తెర ఒకటి చూపిస్తూ చెవి మరొకటి చెప్పే పరికరాన్ని సాధనకు పనికొస్తుందనడం నాకు మింగుడుపడదు.

మృదంగాభిమాని:
అడిగినవారు వయొలిన్ గురించి అడిగారు, మీరిద్దరూ హెడ్‌ఫోన్ల దగ్గరే ఆగిపోయారు.

బోధకురాలు:
ప్రతి అక్షరానికీ టిక్కుమనే యంత్రానికి అలవాటు పడిన పిల్లలకు, సమం (ఆవర్తనపు మొదటి దెబ్బ) దాటి అర అక్షరం తరువాత ఎత్తుకోవలసిన పల్లవి ఇస్తే దిక్కు తోచదు. నా శిష్యురాలు యాప్‌తోనే తయారై ఒక పోటీకి వెళ్లింది. మృదంగం వాయించినవారు కాలప్రమాణాన్ని (వేగాన్ని) రవ్వంత పైకి పట్టేసరికి చరణంలో తడబడింది. ఎదుటి మనిషిని వినే అలవాటు లేకపోవడమే అందుకు కారణం.

లయపిపాసి:
అమ్మా, మా గురువుగారు ఏళ్ల తరబడి “నీకు లయ లేదు” అన్నారే గాని ఎక్కడ తప్పుతోందో ఒక్కనాడూ చూపలేదు. యాప్‌లో 60 పెట్టుకుని నెమ్మదిగా వాయించినప్పుడు, జంట స్వరాల్లో (ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చే పాఠంలో) కమాను దిశ మార్చే చోట మాత్రమే ముందుకు దూకుతున్నానని తెలిసింది. మిగిలినదంతా సరిగానే ఉంది. మీ పేచీ యంత్రంతో కాదు, శిష్యుడు తన తప్పును తానే పట్టుకోవడంతో!

బోధకురాలు:
ఆ మాట అన్యాయం. తప్పు చూపకుండా నిందించే గురువును నేను సమర్థించను. యంత్రం మీకు తప్పు జరిగిన చోటు చూపింది, కమాను ఎక్కువ పొడవు లాగడం వల్ల జరిగిందో, గమకాన్ని (స్వరానికి ఇచ్చే ఊపును) మధ్యలో తుంచడం వల్ల జరిగిందో అది చెప్పలేదు కదా. అందువల్ల మొదటి వారం ప్రతి అక్షరానికీ మోగించండి, తరువాత వేగాన్ని 30కి దించి రెండు అక్షరాలకొకసారి వినండి, ఆ పైన ఒక ఆవర్తనం మోగి మరొక ఆవర్తనం మౌనంగా ఉండేలా పెట్టుకోండి. మౌనం ముగిసి మళ్లీ మోగేసరికి మీరు సమం మీద లేకపోతే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

లయపిపాసి:
మౌన ఆవర్తనం పెట్టుకునే వీలు యాప్‌లోనే దొరుకుతుంది, లోలకంలో కాదు. నేను మొదటి నుండి చెబుతున్నది అదే.

వాయులీన సాధకుడు:
అందరికీ కృతజ్ఞతలు. వయొలిన్ ఎడమ చెవికి దగ్గరగా మోగుతుంది కనుక బల్ల మీది టిక్కు నాకు వినిపించదు. అందుచేత ఐదుకూ ఏడుకూ ఊనిక పెట్టుకోగల చిన్న డిజిటల్ పరికరం తీసుకుని, వైరున్న ఇయర్‌ఫోన్‌ను కుడి చెవిలో పెట్టుకుంటాను. మౌన ఆవర్తనాల కోసం వారాంతంలో మాత్రం యాప్ వాడతాను.

పాత లోలకం:
వైరున్నదే తీసుకుంటున్నారు కనుక బ్లూటూత్ విషయంలో నా మాటే నెగ్గింది.

లయపిపాసి:
నెగ్గలేదు, దెబ్బల మధ్య దూరం గురించి నేను చెప్పినదానికి మీరు ఇంతవరకూ జవాబు ఇవ్వలేదు.