బ్రైటన్‌లో రాత్రి ఉండాలా? ఉంటే ఎక్కడ?

తణుకు_శ్రీను:
మే నెలలో అమ్మానాన్నలు వస్తున్నారు. మేముండేది లండన్‌కి పడమరన ఉన్న రెడింగ్‌లో. వాళ్లకి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ చూపించాలని ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మకి సముద్రమంటే ప్రాణం. మా ఆవిడ సముద్రానికి ఎదురుగా గది తీసుకుని రెండు రాత్రులు ఉందామంటోంది. ఆఫీసులో మనవాళ్లేమో బ్రైటన్‌కి ఒక పూట చాలు, హోటల్ డబ్బులు దండగ అంటున్నారు. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

హరి_హౌన్స్లో:
ఒక పూట చాలు శ్రీను గారూ. లండన్ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంట ప్రయాణం. స్టేషన్ బయటికొచ్చి క్వీన్స్ రోడ్డు పట్టుకుని నేరుగా దిగితే పావుగంటలో సముద్రం. పెవిలియన్ అనే రాజభవనం, లేన్స్ అనే పాత సందులు, సముద్రంలోకి కట్టిన పియర్ అన్నీ దగ్గర దగ్గరే. పైగా శనివారం ఒక్క రాత్రికి గది చాలామంది ఇవ్వరు, రెండు రాత్రులు తీసుకోవాల్సిందే అంటారు. మేలో బ్రైటన్ ఫెస్టివల్ కూడా ఉంటుంది, ధరలు ఇంకా పెరుగుతాయి.

స్వప్న_కరీంనగర్:
హరి అన్నా, లండన్ నుంచి అయితే నువ్వు చెప్పింది కరెక్టే. శ్రీను అన్న వచ్చేది రెడింగ్ నుంచి. గ్యాట్విక్ ఎయిర్‌పోర్టు స్టేషన్‌ల రైలు మారాలె, ఎంత లేదన్నా పోవుడుకే రెండు గంటలు. మోకాళ్లు నొచ్చే మనిషిని ఒక్క రోజుల అంతసేపు రైళ్లల్ల కూసోబెట్టి, నడుమల ఊరంతా తిప్పుడు నాకైతే మంచిగ అనిపిస్తలేదు. రాత్రి ఉండాలె. కానీ పియర్ దగ్గర, సముద్రం ఎదురుంగ మాత్రం వద్దు.

నేను ససెక్స్ యూనివర్సిటీల చదివిన. సెలవుల్ల అక్కడ ఒక హోటల్ రిసెప్షన్‌ల పనిచేసిన. ఆ తెల్లటి ఇండ్లు చూడనీకి మస్తుగ ఉంటయి, కానీ చానా వాటికి రెండొందల ఏండ్ల దాక వయసుంటది. సన్నటి మెట్లు, లిఫ్టు ఉండదు. అగ్గువకు దొరికే గది ఆఖరి అంతస్తుల ఉంటది, లేకుంటే రోడ్డుకన్న కిందికి దిగే బేస్‌మెంటుల ఉంటది. సైడ్ సీ వ్యూ అని రాసిండ్రంటే కిటికీ పక్క సందు దిక్కు ఉన్నట్టు, మూలకు ఇంత సముద్రం కనవడుతది. వెస్ట్ స్ట్రీట్ దిక్కు శుక్ర, శనివారాలు క్లబ్బుల లొల్లి. మేల సీగల్ పక్షులు ఇండ్ల కప్పుల మీద గూళ్లు పెడుతయి, తెల్లారకముందే అరుపులు షురూ.

నా మాటింటే బ్రైటన్‌కు ఆనుకోని పడమర దిక్కున్న హోవ్‌ల ఉండున్రి. సముద్రం అదే, ఒడ్డు అదే. ఇంకో సంగతి ఎవ్వరు చెప్పలే: బీచ్‌ల ఇసుక లేదు, అంతా గులకరాళ్లు. మోకాళ్ల నొప్పులున్నోళ్లు దాని మీద నడవలేరు, కాబట్టి బాబాయి గడిపేది ఒడ్డెంబడి ఉన్న బాట మీదనే. హోవ్‌ల ఆ బాట వెడల్పుగ, చదునుగ ఉంటది, పక్కనే పచ్చగడ్డి లాన్లు. చర్చ్ రోడ్డు మీద బ్రైటన్‌కు బస్సులు వస్తనే ఉంటయి.

హరి_హౌన్స్లో:
రెడింగ్ సంగతి ఒప్పుకుంటాను. హోవ్ సంగతి ఒప్పుకోను. ఊరి కళంతా పియర్ చుట్టూ ఉంటే, హోవ్ నుంచి అక్కడికి రెండు కిలోమీటర్ల పైనే. మధ్యాహ్నం ఎండకి అలిసిపోయి కాసేపు నడుం వాల్చాలంటే గది దగ్గర్లో ఉండాలి, మళ్లీ బస్సు కోసం నిలబెట్టకూడదు. లిఫ్టులున్న పెద్ద హోటళ్లు ఒడ్డునే ఉన్నాయి. ఉండాల్సిందే అయితే వారం మధ్యలో, ధర తగ్గినప్పుడు, వాటిలో ఒక్క రాత్రి ఉండండి. చీకటి పడ్డాక పియర్ మీద దీపాలు వెలుగుతుంటే అమ్మగారు కిటికీ దగ్గర కూర్చుని చూస్తారు. హోవ్‌లో అదెక్కడ?

పద్మ_క్రాలీ:
గది గొడవ సరే, అసలు పెవిలియన్‌కి మీరిద్దరూ ఎంతసేపు ఇస్తున్నారు? బయట గుమ్మటాలు చూసి ఫొటో దిగి వచ్చేయడం నాకు బాధగా ఉంటుంది. తర్వాత నాలుగో జార్జి రాజైన యువరాజు కోసం 1815లో జాన్ నాష్ మార్చడం మొదలుపెట్టిన భవనం అది. బయట మన దేశపు గుమ్మటాలు, లోపల చైనా అలంకరణ. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 చివర్లో, దాన్ని గాయపడిన భారతీయ సైనికుల ఆసుపత్రి చేశారు. ఆ షాండిలియర్ల కింద మన జవాన్ల మంచాలు వేశారు, మతాల వారీగా వేరే వంటశాలలు పెట్టారు. కన్నుమూసిన హిందూ, సిక్కు సైనికుల్లో 53 మందిని ఊరి శివార్లలో ప్యాచమ్ పైన కొండల మీద దహనం చేశారు. అక్కడ వాళ్ల స్మారకంగా 1921లో ఆవిష్కరించిన ఛత్రి అనే తెల్లటి మండపం ఉంది. గడ్డిలో ఎక్కి వెళ్లాలి కాబట్టి శ్రీను వాళ్ల నాన్నగారికి కష్టమే, కానీ పెవిలియన్ దక్షిణ ద్వారం కూడా ఇక్కడ వైద్యం పొందిన మన సైనికుల జ్ఞాపకార్థం భారతీయులిచ్చిన కానుకే, అదీ 1921లోనే. దాన్ని ఆయన నిలబడి చూడొచ్చు. దానికి రైలు టైము చూసుకుంటూ పరుగెత్తే రోజు సరిపోదు. అందుకే నేను కూడా రాత్రి ఉండమనే అంటాను, ఎక్కడైనా సరే.

తణుకు_శ్రీను:
ఛత్రి గురించి తెలియనే తెలియదు పద్మ గారూ. నాన్నగారి పెదనాన్న పటాలంలో చేశారు, నాన్నగారికి తప్పకుండా చెప్తాను. ఉండటం ఖాయం, మంగళ, బుధవారాలు చూస్తున్నాను. స్వప్నా, హోవ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ ఒకటి కనిపించింది, వంటగది కూడా ఉంది. తీసుకోనా?

స్వప్న_కరీంనగర్:
పైసలు కట్టేముందు ఫోన్ చేసి అడుగు అన్నా. గ్రౌండ్ ఫ్లోర్ అని రాసినా, ఆ పాత ఇండ్లకు వాకిట్లనే మెట్లుంటయి. ఎన్ని మెట్లు, పట్టుకోనీకి రెయిలింగ్ ఉన్నదా, స్నానాల గదిల టబ్బు ఎక్కి దిగాల్నా, ఉట్టి షవరేనా, ఇవన్ని తెలుసుకోని బుక్ చెయ్యి.