అనాత్మ అయితే కర్మఫలం ఎవరిది?

ప్రశ్న:
బుద్ధుడు సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చేసిన రెండవ ఉపదేశమైన అనత్తలక్ఖణ సుత్తం ఇటీవల చదివాను. రూపం (శరీరం), వేదన (సుఖదుఃఖాల అనుభూతి), సంజ్ఞ (గుర్తింపు), సంస్కారాలు (మనసులోని ప్రేరణలు), విజ్ఞానం (ఎరుక) అనే ఐదు స్కంధాలూ, అంటే మనిషిగా కూడిన ఐదు భాగాలూ, మన మాట వినవు, నిలకడగా ఉండవు, కాబట్టి వాటిలో ఏదీ ఆత్మ కాదన్న (అనాత్మ) తర్కం అర్థమైంది. అయితే చేసిన పనికి ఫలం అనుభవించేది ఎవరు? పునర్జన్మను ఒప్పుకున్న బోధ ఈ ప్రశ్నను ఎలా దాటవేయగలదు?

జవాబు 1:
దాటవేయలేదు. బుద్ధుని ఉపదేశాల (సుత్తాల) పాళీ సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలోని మహాపుణ్ణమ సుత్తంలో, ఒక పున్నమి రాత్రి బుద్ధుని బోధ వింటున్న భిక్షువుకు సరిగ్గా ఇదే సందేహం కలుగుతుంది: అనాత్మ చేసిన కర్మలు ఏ ఆత్మను తాకుతాయి? బుద్ధుడు దానికి జవాబు చెప్పకుండా, ‘రూపం నిత్యమా, అనిత్యమా?’ అని మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెడతాడు. ఎందుకంటే ఆ సందేహం ఐదు స్కంధాల వెనుక ఒక యజమానిని ముందే కూర్చోబెట్టి, ఆ తర్వాత అతని చిరునామా అడుగుతోంది.

ఇంతకంటే సూటి జవాబు కావాలంటే అలాంటి మరో సంకలనమైన సంయుత్త నికాయంలో, దిగంబర సన్యాసి అచేల కస్సపుని సంభాషణ చూడండి. రాజగృహంలో భిక్షకు వెళుతున్న బుద్ధుణ్ణి ఆపి, దుఃఖం తాను చేసుకున్నదా, వేరొకరు చేసినదా అని అతడు అడిగినప్పుడు, చేసినవాడే అనుభవిస్తాడంటే శాశ్వతవాదమని (మారని ఆత్మ ఎప్పటికీ ఉంటుందనడం), వేరొకడు అనుభవిస్తాడంటే ఉచ్ఛేదవాదమని (చావుతో అంతా తెగిపోతుందనడం) తోసిపుచ్చి, అవిద్య వల్ల సంస్కారాలు, సంస్కారాల వల్ల విజ్ఞానం అంటూ కార్యకారణ క్రమాన్ని బుద్ధుడు వివరిస్తాడు. ఫలం ఉంది, దానికి కారణమూ ఉంది. నడుమ మారకుండా సాగే మోతగాడు మాత్రం అవసరపడలేదు.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఒక్కటి మాత్రం చేర్చాలి. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు (సంచార సన్యాసి) ‘ఆత్మ ఉందా?’ అని, ఆపైన ‘లేదా?’ అని అడిగినప్పుడు బుద్ధుడు మౌనం వహించాడు కాబట్టి, స్కంధాలకు అతీతమైన ఆత్మను ఆయన లోలోపల ఒప్పుకున్నాడని కొందరు వాదిస్తారు. ఆ వాదం నిలవదనే నా అభిప్రాయం. ఆ సంభాషణ ఉన్న సుత్తంలోనే ఆయన తన శిష్యుడు ఆనందునితో, ఉందని చెబితే ‘ధర్మాలన్నీ అనాత్మ’ అన్న జ్ఞానానికి అది పొసగదని, లేదని చెబితే అసలే అయోమయంలో ఉన్న వచ్ఛుడు ఇంతవరకూ ఉన్న ఆత్మ ఇప్పుడు పోయిందని మరింత కలవరపడతాడని స్పష్టంగా చెబుతాడు.

ప్రశ్న అడిగినవారు:
తర్కంగా ఒప్పుకోగలను. ఒప్పుకున్నా ‘నేను’ అనే భావం పోవడం లేదే?

జవాబు 3:
అది పోకపోవడాన్ని కూడా సుత్తాలు గుర్తించాయి. కోశాంబిలో ఖేమకుడనే భిక్షువు జబ్బుపడి ఉండగా, స్థవిరులు (పెద్ద భిక్షువులు) దాసకుడనే భిక్షువును అతని దగ్గరికి పదే పదే పంపి ప్రశ్నిస్తారు. చివరికి ఖేమకుడే చేతికర్ర ఊతంతో వారి దగ్గరికి నడిచి వస్తాడు. ఐదు స్కంధాలలో దేనినీ తాను ఆత్మగా చూడడం లేదని, అయినా వాటి విషయంలో ‘నేను’ అన్న భావం ఇంకా మిగిలే ఉందని చెబుతాడు. చవుడుతో, పేడతో ఉతికిన బట్ట శుభ్రమైనా ఆ వాసన కొంత మిగిలి, సుగంధం పట్టిన పెట్టెలో ఉంచాకే పోతుందని పోలుస్తాడు. ఆ మిగిలినది వాదంతో పోదు, స్కంధాలు పుట్టడాన్ని, గిట్టడాన్ని గమనిస్తూ ఉండడంతోనే పోతుందంటాడు. ఈ వివరణ సాగుతుండగానే అరవై మంది స్థవిరులకూ, చెబుతున్న ఖేమకునికీ విముక్తి కలిగిందని సుత్తం ముగుస్తుంది.