ఇన్‌చార్జ్ సిస్టర్ భయంతో డౌటు అడగలేకపోయాను, ఏం చెయ్యాలి?

ఐసీయూ_సిస్టర్:
జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేశాను. మాది ఖమ్మం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పద్నాలుగు నెలలుగా చేస్తున్నా.

షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లని అప్పజెప్పే హ్యాండోవర్ అంటేనే కాళ్లలో వణుకు. మా ఇన్‌చార్జ్ సిస్టర్ అటెండర్ల ముందే "నీకు సర్టిఫికెట్ ఎవరిచ్చారు?" అంటుంది. ఒక గంట యూరిన్ అవుట్‌పుట్ రాయడం మర్చిపోయానని ఫైలు విసిరింది. కింద పడ్డ కాగితాలు ఏరుతుంటే పేషెంటు వాళ్లమ్మ కూడా వంగి రెండు తీసిచ్చింది. పెద్దావిడ. ఆవిడ మొహం చూడలేకపోయాను. ఎదురు చెప్పిన నెలలో వరసగా ఏడు నైట్లు పడ్డాయి.

మొన్న సాయంత్రం ఒక పేషెంటుకి షుగరు 96కి దిగింది. ఇన్సులిన్ పంపు ఇంకా గంటకి 4 యూనిట్లు పోతోంది, అలాగే వదిలేస్తే షుగరు మరీ పడిపోతుంది. ఇన్‌చార్జ్ సిస్టర్ నాలుగడుగుల దూరంలోనే ఉంది. అడగలేక పది నిమిషాలు అలాగే నిలబడిపోయాను. చివరికి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తే వెంటనే ఆపమన్నారు. పేషెంటుకి ఏమీ కాలేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అన్నం కూడా దిగట్లేదు.

రెండేళ్లు ఇక్కడే చెయ్యాలని బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. అమ్మకి చెప్పలేదు.

వార్డు_అక్క:
చెల్లీ, ఒక నోటుబుక్ పెట్టుకో. తేదీ, టైము, ఏమన్నది, ఎవరు విన్నారు, ఆ షిఫ్టులో నీకెన్ని బెడ్లు ఇచ్చారు, అన్నీ రాయి. వెంటిలేటర్ మీదున్న పేషెంటుకి ఒక సిస్టర్ ఉండాలి. ఇద్దరు ముగ్గుర్ని అప్పజెబితే అదీ రాయి. నర్సింగ్ సూపరింటెండెంట్‌కి నోటితో చెప్పకు, మెయిల్ పెట్టు. ఇన్‌చార్జ్ మంచిదా చెడ్డదా అన్నది వద్దు. "అడగడానికి భయపడి పది నిమిషాలు ఆలస్యం చేశాను" అని రాయి. పేషెంటు ప్రాణం సంగతి కదా, పక్కన పడెయ్యడం వాళ్లకి కష్టం.

బాండు_బాధితురాలు:
బాండునీ, ఒరిజినల్స్ పట్టుకోవడాన్నీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే తప్పుపట్టింది. వాపసు కావాలని రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకో. జీతం ఎంతిస్తున్నారు? నర్సుల జీతాల గురించి సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా నెలకి 20,000 తగ్గకూడదంది. నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. నేను చేశాను.

పాత_ఇన్‌చార్జ్:
నేనూ ఫైళ్లు విసిరానమ్మా. మా సీనియర్లు నన్నలాగే పెంచారు, పని నేర్పడమంటే అదే అనుకున్నా. ఒకసారి కొత్తమ్మాయి ఒకతి, పేషెంటు మంచం మీంచి పడిన సంగతి రెండు గంటలు దాచింది. ఎందుకంటే "మీరు తిడతారని" అంది. మర్నాటి నుంచి ఎవరికైనా తప్పు చెప్పాలంటే స్టాఫ్ రూంలోకి పిలిచి, తలుపేసి చెప్పడం మొదలుపెట్టా. ఆ అమ్మాయికి సారీ చెప్పడానికి మాత్రం నాకు ఏడాది పట్టింది.

ఐసీయూ_సిస్టర్:
అక్కా, నోటుబుక్ కొన్నాను. మొదటి పేజీలో ఆ పది నిమిషాలే రాశా. రేపు ఆఫ్, మెయిల్ రేపే పంపిస్తా. పంపేముందు అమ్మకి ఫోన్ చేస్తాను.