ఉగాది సెలవుల్లో అత్తమ్మకి సముద్రం చూపించాలి: పుదుచ్చేరియా, మహాబలిపురమా, గోకర్ణా?

కేఆర్‌పురం కోడలు:
నమస్కారమండీ. మేముండేది బెంగళూరు కేఆర్ పురంలో. ఈసారి ఉగాది గురువారం, మార్చి 19న పడింది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే ఆదివారం దాకా కలిసొస్తుంది. మా అత్తమ్మ కదిరి నుంచి పండక్కి వస్తున్నారు. అరవై ఎనిమిదేళ్ళు. తిరుపతి ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కే లేదు, సముద్రంలో మాత్రం ఇంతవరకు కాలు పెట్టలేదు. ఎప్పుడో మద్రాసు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి చూశారట. "నీలంగా ఏందో కనపడె, అంతలోకే బస్సు తిరుక్కునె" అంటారు. పోయిన నెల ఫోన్లో ఉన్నట్టుండి "ఒకతూరి కాళ్ళు తడుపుకోవల్లమ్మా" అన్నారు. నా పెళ్ళై పదకొండేళ్ళు. ఆవిడ నోట నాకిది కావాలి అన్న మాట వినడం ఇదే మొదలు.

ఇబ్బంది ఏంటంటే ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఐదారు మెట్లైతే ఎక్కుతారు, అదీ పక్కన పట్టుకోడానికి ఏదైనా ఉంటే. మామయ్య రారు, ఎనుముల్ని ఎవరికి అప్పజెప్పాలి అంటారు. మా పాపకి ఏడేళ్ళు. మా ఆయనకి ఈతకొలను ఉంటే చాలు, ఊరేదైనా ఒకటే.

పోయినేడు ఒకచోట దెబ్బ తిన్నాను. ఫొటోలో కిటికీ నిండా సముద్రం. తీరా వెళ్తే అది రెండో అంతస్తు రెస్టారెంటు కిటికీ. మా గదిలోంచి కనిపించింది జనరేటరు. బీచికి పోవాలంటే రోడ్డు దాటి, సరుగుడు తోపులో పది నిమిషాలు నడవాలి. ఈసారి అత్తమ్మతో అలా జరిగితే నాకు ఏడుపొస్తుంది. కాబట్టి నేనడిగేది ఒకటే: మంచం దిగితే నీళ్ళ దాకా ఎంత దూరం? మిగతావన్నీ సర్దుకుంటాం. ఇంకోటి, ఉగాది పచ్చడి ఇంట్లో తినకుండా గడప దాటరట.

పాండీ అల్లుడు:
మా అత్తగారిల్లు పుదుచ్చేరే కాబట్టి ముందే చెప్తున్నా, మీ పనికి అది కుదరదు. ఊరు బాగుంటుంది. సాయంత్రం ఆరయ్యాక ప్రామెనేడ్ మీద బండ్లు ఆపేస్తారు, పెద్దవాళ్ళు గాంధీ విగ్రహం దగ్గర గంటలు గంటలు కూర్చోవచ్చు. కానీ అక్కడ కాళ్ళు తడుపుకోవడం కష్టం. ఆ ఒడ్డు చాలా మేరకు నల్లరాళ్ళే. మన తూర్పు తీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకెళ్తుంది. 1980ల్లో హార్బరుకి అడ్డుగోడలు కట్టాక ఇసుక దక్షిణాన ఆగిపోయింది, ఉత్తరాన ఊరి ముందు బీచి తినేసింది. ఈమధ్య నీళ్ళలో గట్టులాంటిది కట్టాక సచివాలయం వైపు కొంచెం ఇసుక తిరిగొచ్చింది, కానీ దాన్ని నమ్ముకుని కదిరి నుంచి పెద్దావిణ్ణి తీసుకురావద్దు. ప్యారడైజ్ బీచిలో ఇసుక బాగుంటుంది, కాకపోతే పడవెక్కి దిగాలి. ఆ మోకాళ్ళతో వద్దు.

మీరెలాగూ ఇటే రావాలనుకుంటే దారి గురించి ఒక మాట. కృష్ణగిరి నుంచి తిరువణ్ణామలై, సెంజి, తిండివనం మీదుగా వస్తారు కదా. పౌర్ణమి నాడైతే గిరిప్రదక్షిణ జనంతో తిరువణ్ణామలై దాటడమే ఒక యాత్ర. ఉగాది అమావాస్య పక్కన కాబట్టి ఆ బెడద లేదు.

బైయప్పనహళ్ళి బాబు:
గోకర్ణ అని రాశారు చూడండి, అది మీ ఆయన కోరిక అయ్యుండాలి. ఓం బీచికైనా, కుడ్లే బీచికైనా మెట్లు దిగాల్సిందే. దిగడం సరే, ఎక్కించేదెవరు?

పడమటి తీరమే కావాలంటే మురుడేశ్వర్ చూడండి. గుడి పక్కనే బీచి. గుడి ముందు ఇరవై అంతస్తుల రాజగోపురానికి లిఫ్టుంది, పైనుంచి శివుడి విగ్రహం, మూడు వైపులా సముద్రం. మెట్లెక్కలేని వాళ్ళకి అంత పైనుంచి సముద్రం చూపించే చోటు ఇంకోటి నేను చూళ్ళేదు. మీకు దగ్గర్లోని ఎస్ఎంవీటీ స్టేషన్ నుంచే రైలుంది. మైసూరు, మంగళూరు చుట్టుకుని పోతుంది, రాత్రి ఎక్కితే దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం. అత్తగారి టికెట్ మాత్రం విడిగా తీయండి. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకి కింద బెర్తు కోటా ఉంది, నలుగురినీ ఒకే టికెట్లో వేస్తే అది వర్తించదు.

కేఆర్‌పురం కోడలు:
బాబు గారూ, లిఫ్టు మాట బాగుంది. కానీ పోను ఒక రాత్రీ పూటా, రాను ఒక రాత్రీ పూటా రైల్లోనే అయితే సముద్రానికి మిగిలేది ఎంత? అదీగాక అత్తమ్మకి కావాల్సింది పైనుంచి చూడ్డం కాదు, కాళ్ళు తడవడం. గోకర్ణ మాత్రం నిజంగా ఆయన కోరికే :)

ఈసీఆర్ బాబాయి:
అమ్మా, నాది నెల్లూరు, చెన్నైలో ముప్పై ఏళ్ళు. మహాబలిపురం రండి. కారైతే చెన్నై ఊళ్ళోకి రానే వద్దు. కాంచీపురం దాటాక చెంగల్పట్టుకి తిరిగి, తిరుక్కళుక్కుండ్రం మీదుగా దిగితే నేరుగా మహాబలిపురం. ఆ తిరుక్కళుక్కుండ్రమే మనవాళ్ళు చెప్పే పక్షితీర్థం. కొండకి ఐదొందల పైచిలుకు మెట్లు, కారులోంచే దణ్ణం పెట్టించండి.

మీ అత్తగారిది కదిరి అన్నారు. నరసింహస్వామి ఊరు. ఇక్కడ స్థలశయన పెరుమాళ్ గుడి ఉంది, 108 దివ్యదేశాల్లో ఒకటి. ఆదిశేషుడు లేకుండా స్వామి నేలమీదే పడుకుని ఉంటాడు. ఒడ్డునున్న రాజసింహ పల్లవుడి గుడిలో పూజలుండవు, ఇక్కడ ఉంటాయి. రెండూ ఒకటే అనుకుని చాలామంది ఈ గుడి చూడకుండానే వెళ్ళిపోతారు. దీని వెనకే అర్జున తపస్సు శిల్పం. రోడ్డు మీదే ఉంటుంది, మెట్లు లేవు. పాపని కింది వైపు చూడమనండి. ఒక పిల్లి ముందుకాళ్ళు పైకెత్తి నిలబడి తపస్సు చేస్తుంటుంది, దాని కాళ్ళ దగ్గర ఎలుకలు భక్తిగా చేరి ఉంటాయి. మా మనవడు అరగంట కదల్లేదు.

చేపల సంగతి మీ ఆయనకి చెప్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఈ తీరంలో మరబోట్లకి వేట నిషేధం. మీరొచ్చేది దానికి ముందే కాబట్టి వంజరం తాజాగా దొరుకుతుంది.

రిసార్టుకి ఫోన్ చేసి "బీచ్ ఉందా" అని అడగొద్దు. ఎవరైనా ఉందనే అంటారు. మీ కింది అంతస్తు గది తలుపు నుంచి ఇసుక దాకా ఎన్ని మెట్లు, మధ్యలో రాళ్ళ గట్టు ఉందా అని అడగండి. ఈ ఒడ్డున కొన్నిచోట్ల కోత ఆపడానికి బండరాళ్ళు పోశారు. అలాంటిచోట సముద్రం కనపడుతుంది, అందదు.

సరుగుడు నీడ:
మా అమ్మకీ ఇవే మోకాళ్ళు. మేం చేసిన తప్పు చెప్తా. ప్లాస్టిక్ కుర్చీ నీళ్ళలోనే వేసి కూర్చోబెట్టాం. అల వచ్చినప్పుడు ఏం కాలేదు, వెనక్కి పోయేటప్పుడు కుర్చీ కాళ్ళ కింద ఇసుక లాగేసింది. వెనక కాళ్ళు రెండూ జానెడు దిగిపోయి కుర్చీ పక్కకి ఒరిగింది. మా తమ్ముడు పట్టుకోబట్టి సరిపోయింది. కుర్చీని అల చివరి నురుగు మాత్రమే అందేచోట వేయండి, వెనక ఒకరు నిలబడండి. అమావాస్య తర్వాత పోటెక్కువ, కాబట్టి ఇంకో నాలుగడుగులు వెనక్కి.

పాప విషయం. అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఒక సందు నిదానంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అక్కడ మోకాలి లోతుకి కూడా దింపొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోయే దారి అదే. మీ ఆయన ఈత కొలనులోనే కొట్టుకోమనండి. రాత్రి ఇసుకలో టార్చి వేసుకుని తిరగొద్దు, మార్చిలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి.

కేఆర్‌పురం కోడలు:
అందరికీ దణ్ణాలు. మహాబలిపురమే. గురువారం పొద్దున్నే పచ్చడి తిని, మిగిలింది గిన్నెలో పెట్టుకుని బయలుదేరతాం. వేపపువ్వు అత్తమ్మే తెస్తారట, బెంగళూరు పువ్వులో చేదు లేదంటారు.

బాబాయి గారు చెప్పినట్టే మూడు రిసార్టులకి ఫోన్ చేశా. ఒకచోట "సీ వ్యూ మేడమ్" అని నాలుగుసార్లు అన్నారు, మెట్ల లెక్క చెప్పలేదు. ఇంకోచోట రాళ్ళ గట్టు. మూడో చోట అమ్మాయి "ఉండండి మేడమ్, లెక్కపెట్టి చెప్తా" అని ఫోన్ పట్టుకునే నడిచింది. తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు, "ఒణ్ణు, రెండు, మూణు" అని లెక్క. తర్వాత చెప్పుల చప్పుడు ఆగిపోయింది, అల వినపడింది. డబ్బు అప్పుడే కట్టేశా.

అత్తమ్మకి చెప్తే సంతోషించారో లేదో తెలీలేదు. కాసేపాగి ఒకటే అడిగారు: "అల వచ్చి కాలి మెట్టెలు లాక్కోని పోతాదా? తీయగూడదు గదా అవి." ఏం చెప్పాలి?

సరుగుడు నీడ:
మెట్టెల వెనక దారం నాలుగు చుట్లు బిగించి చుట్టమనండి. నూలు దారమైతే తడిస్తే ఇంకా పట్టేస్తుంది. మా అమ్మవి రెండూ ఉన్నాయి, చెప్పు మాత్రం ఒకటి పోయింది.