చైనా అక్షరాలు టైపు చేయడానికి ధ్వని పద్ధతి నేర్చుకోవాలా, ఆకార పద్ధతి నేర్చుకోవాలా?

ప్రశ్న: పెదవాల్తేరు పాఠకురాలు

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థలో డాక్యుమెంటేషన్ పని చూస్తున్నాను. మా సరుకులో కొంత చైనాలోని జాన్‌జియాంగ్ వైపు వెళ్తుంది కాబట్టి, కార్టన్ల మీద అతికించే లేబుళ్లలో సరుకు పేరు, కొనుగోలుదారు పేరు, చిరునామా చైనా అక్షరాలలో కూడా వేయాల్సి వస్తుంది. ఇంతవరకు అవతలివారు పంపిన ఫైలులోంచి కాపీ చేసి అతికించడంతో పని గడిచిపోయింది. ఈమధ్య ఎక్కువగా స్కాన్ చేసిన కాగితమో, ఫోటోనో వస్తోంది. దాన్ని చూసి నేనే టైపు చేసుకోవాలి.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో బాగానే టైపు చేస్తాను. చైనా భాషను ఆన్‌లైన్ తరగతులలో కొత్తగా నేర్చుకుంటున్నాను. పిన్‌యిన్ (చైనా ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాలలో రాసే పద్ధతి) చదవగలను గానీ అక్షరాలు కొన్నింటినే గుర్తుపట్టగలను. 26 కీలతో అన్ని వేల అక్షరాలు ఎలా వస్తాయి? స్వరాలను, అంటే పలుకులోని ఎత్తుపల్లాలను కూడా టైపు చేయాలా? పిన్‌యిన్‌తో సరిపెట్టుకోవచ్చా, లేక వుబీ, త్సాంగ్‌జియే లాంటి, అక్షరం ఆకారాన్ని ముక్కలుగా చూసి టైపు చేసే ఆకార పద్ధతి నేర్చుకోవడం మేలా? ఉచ్చారణ తెలియని అక్షరం ఎదురైతే ఏం చేయాలి?

జవాబు: రుషికొండ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

తెలుగులో మీరు ‘అమ్మ’ అని టైపు చేస్తే, ఏ కీబోర్డు వాడినా, తెరమీదికి వచ్చేది ‘అమ్మ’ ఒక్కటే. చైనా భాషలో ధ్వనికీ అక్షరానికీ మధ్య అలాంటి ఒకటికి ఒకటి లెక్క లేదు. స్వరభేదాలు పక్కన పెడితే ఆ భాష ప్రామాణిక ఉచ్చారణలో వేర్వేరు ధ్వనులు సుమారు 400 మాత్రమే ఉంటాయి. కంప్యూటర్ల కోసం చైనా అక్షరాలకు కోడ్‌లు ఇస్తూ 1980లో వచ్చిన జీబీ 2312 ప్రమాణంలోనే 6,763 అక్షరాలు ఉన్నాయి. అందుకే మీరు ‘షి’ అని కొడితే కంప్యూటర్ ఏ ఒక్క అక్షరాన్నీ నేరుగా వేయకుండా, ఆ ధ్వని గల అక్షరాలన్నింటినీ అంకెలతో వరుసగా చూపించి, ఎంచుకోమని మిమ్మల్నే అడుగుతుంది. అతడు, ఆమె, అది అనే మూడింటికీ పలుకుబడి ‘తా’యే కాబట్టి ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా అక్కడ మీ చూపు పడాల్సిందే.

ఈ ఎంపిక భారం తగ్గాలంటే ఒక్కొక్క అక్షరం కాకుండా పదబంధం మొత్తం ఒకేసారి టైపు చేయాలి. మీ రంగంలోని ఉదాహరణే తీసుకుందాం. వనామీ రొయ్యను చైనావారు ‘నాన్ మెయ్ బాయ్ దుయ్ షియా’ అంటారు, అంటే దక్షిణ అమెరికా తెల్ల రొయ్య. ఒక్క ‘షియా’ మాత్రమే టైపు చేస్తే ‘కింద’ అనే అర్థమున్న అక్షరం, ‘వేసవి’ అనే అక్షరం, మరెన్నో ముందు నిలబడతాయి. అయిదు అక్షరాల పిన్‌యిన్‌ను ఖాళీలు లేకుండా వరుసగా కొట్టి స్పేస్ నొక్కితే పక్కనున్న మాటల ఆధారంతో సరైన రొయ్యే వస్తుంది.

పిన్‌యిన్‌లో స్వరం టైపు చేయనక్కరలేదు. తైవాన్‌లో వాడే జుయిన్ పద్ధతిలో మాత్రం 37 గుర్తులతో పాటు స్వరాన్నీ నొక్కుతారు. మీకు దానితో పని లేదు. రెండు చుక్కల యు వచ్చే చోట వి కీ నొక్కండి. షియాన్ నగరం పేరు లాగా రెండు ధ్వనులు ఒకటిగా కలిసిపోయే చోట మధ్యలో అపాస్ట్రఫీ పెట్టండి. షిఫ్ట్ కీ నొక్కితే ఇంగ్లీషుకు, మళ్లీ నొక్కితే చైనా భాషకు మారుతుంది.

తెలుగువారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లలో దగ్గరి ధ్వనులను ఒకటిగా తీసుకునే సదుపాయం ఉన్నా, అది దక్షిణ చైనావారి ఉచ్చారణను దృష్టిలో పెట్టుకుని చేసినది. వాళ్లు జెడ్‌కూ జెడ్‌హెచ్‌కూ, ఎల్‌కూ ఎన్‌కూ తేడా చూపలేకపోవచ్చు. మన చెవికి కలగాపులగమయ్యేవి క్యూ, సీహెచ్ ధ్వనులు, ఎక్స్, ఎస్‌హెచ్ ధ్వనులు. వాటికి ఆ సదుపాయం సాధారణంగా అక్కరకు రాదు కాబట్టి ఆ రెండు జంటలను మొదటినుంచే విడివిడిగా వినడం అలవాటు చేసుకోండి.

జవాబు: డాబాగార్డెన్స్ డీటీపీ

పైవారు చెప్పినదంతా నిజమే కానీ, వారు ప్రస్తావించని ఆకార పద్ధతులను అంత తేలిగ్గా పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం. మా వృత్తిలో కళ్లు కాగితం మీద ఉండాలి, చేతులు కీబోర్డు మీద ఉండాలి. ప్రతి మాటకూ తెర వైపు చూసి అంకె నొక్కే పద్ధతి మాలాంటివారికి నిజంగా అడ్డంకే.

త్సాంగ్‌జియేను చు బాంగ్-ఫూ 1976లో తైవాన్‌లో రూపొందించి, 1982లో దానిమీద తన పేటెంట్ హక్కును వదులుకున్నారు. అంతటి పనితనాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చినందుకు ఆయన పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అందులో ఒక్కొక్క కీకి ఒక్కొక్క ముక్క ఉంటుంది: ఇంగ్లీషు ‘ఏ’ కీకి సూర్యుడు, ‘బి’ కీకి చంద్రుడు; రెండూ వరుసగా నొక్కితే వెలుగు అనే అర్థమున్న ‘మింగ్’ వస్తుంది. డి కీ చెట్టు. రెండుసార్లు నొక్కితే తోపు, మూడుసార్లు నొక్కితే అడవి. ఎంత పెద్ద అక్షరమైనా అయిదు కీలు దాటదు.

వుబీని చైనాలో వాంగ్ యోంగ్‌మిన్ 1983లో తెచ్చారు. అడ్డగీత, నిలువుగీత, ఎడమకు వాలే గీత, కుడికి వాలే గీత లేదా చుక్క, మలుపు తిరిగే గీత అని గీతలను అయిదు రకాలుగా విడదీసి, 25 కీలను ఆ అయిదు రకాలకూ పంచారు. జెడ్ కీని గుర్తుకురాని ముక్క స్థానంలో వాడుకోవచ్చు. దేనికైనా నాలుగు కీలకు మించి అక్కరలేదు. పైగా ఒకే కోడ్‌కు రెండు అక్షరాలు రావడం చాలా అరుదు కాబట్టి తెర చూడకుండా కొట్టుకుంటూ పోవచ్చు.

రెండింటికీ తేడా ఎక్కడుందో ఒక్క అక్షరంలో చూపిస్తాను. ‘మంచి’ అనే అర్థమున్న ‘హావ్’లో ఎడమవైపు స్త్రీ, కుడివైపు పిల్లవాడు ఉంటారు. వుబీలో స్త్రీకి వి, పిల్లవాడికి బి నొక్కితే చాలు. త్సాంగ్‌జియేలో వి తర్వాత ఎన్, డి నొక్కాలి, అంటే పిల్లవాడి అక్షరాన్ని అది విల్లుగా, చెట్టుగా విడగొడుతుంది. నిజానికి అందులో విల్లూ లేదు, చెట్టూ లేదు. గీతల పోలికను బట్టి అలా చేర్చారంతే, కొత్తవారు తడబడేది ఇలాంటి చోటే. అన్నట్టు, స్త్రీ అక్షరం రెండు పద్ధతులలోనూ వి కీ మీదే ఉంది, పిన్‌యిన్‌లో కూడా దానికి ఎన్, వి నొక్కాలి. ఇది కాకతాళీయమే అయినా, మూడు వేర్వేరు దారులు ఒకే కీ దగ్గర కలుసుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

జవాబు: ఎంవీపీ కాలనీ డాక్టర్

నేను వైద్యవిద్య చైనాలో చదివాను. అక్కడ నా తోటివారందరూ పిన్‌యిన్‌లోనే టైపు చేసేవారు. వుబీ వాడినవారు వయసులో పెద్దవారైన ఉద్యోగులే. దీనికి ఒక కారణం ఉంది. 1980లలో కంప్యూటర్లకు జ్ఞాపకశక్తి తక్కువ, పక్క మాటను బట్టి అక్షరాన్ని ఊహించే శక్తి వాటికి లేదు. అప్పుడు ఆకార పద్ధతులదే పైచేయి. 2006లో వచ్చిన సోగౌ లాంటి పిన్‌యిన్ సాఫ్ట్‌వేర్లు ఇంటర్నెట్‌లో జనం వాడే మాటల ఆధారంగా పదబంధాలను అందించడం మొదలుపెట్టాక పిన్‌యిన్‌లో ఎంపిక శ్రమ బాగా తగ్గిపోయింది.

డీటీపీ మిత్రులు చెప్పిన వేగం రోజంతా చైనా భాషలోనే టైపు చేసేవారికి అవసరం. మీరు టైపు చేసేది కొన్ని పేర్లు, కొన్ని చిరునామాలు. మీ చేతిలో ఉన్నది ధ్వనా, ఆకారమా అన్నదాన్ని బట్టి అప్పటికప్పుడు దారి ఎంచుకుంటే చాలు. సరుకు పేరు, ఊరి పేరు మీకు పలకడం వచ్చు కాబట్టి వాటికి పిన్‌యిన్ వాడండి. కాగితం మీద కనబడుతూ, పలకడం రాని అక్షరానికి పిన్‌యిన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఆకారం దారి ఒకటి ఉంది. పిన్‌యిన్‌లో ఏ మాటా యుతో మొదలుకాదు కాబట్టి ఆ కీని దీనికోసం కేటాయించారు. మైక్రోసాఫ్ట్ పిన్‌యిన్‌లో, సోగౌలో ముందు యు నొక్కి, తర్వాత అక్షరంలోని ముక్కల పేర్లు వరుసగా టైపు చేయాలి. చైనా కంపెనీల పేర్లలో మూడు ‘బంగారం’ గుర్తులు పేర్చిన అక్షరం ఒకటి తరచుగా కనిపిస్తుంది. దాని ఉచ్చారణ ‘షిన్’ అని తెలియకపోయినా, యు తర్వాత ‘జిన్ జిన్ జిన్’ అని కొడితే వచ్చేస్తుంది. ముక్కల పేర్లూ తెలియకపోతే గీతలను రాసే క్రమంలో ఇవ్వవచ్చు: అడ్డగీతకు హెచ్, నిలువుకు ఎస్, ఎడమ వాలుకు పి, కుడి వాలుకూ చుక్కకూ ఎన్, మలుపుకు జెడ్. చెట్టు అక్షరం కావాలంటే యు తర్వాత హెచ్, ఎస్, పి, ఎన్.

మనుషుల పేర్ల దగ్గర మాత్రం మొదట వచ్చిన అక్షరాన్ని నమ్మకండి. జాంగ్ అనే ఇంటిపేరే రెండు విధాలుగా రాస్తారు. అందుకే చైనావారు ఫోనులో పేరు చెప్పేటప్పుడు ‘విల్లు, పొడవు కలిసిన జాంగ్’ అనో, ‘నిలబడు, పెందలకడ కలిసిన జాంగ్’ అనో విడమరిచి చెబుతారు. మీరూ అవతలివారిని అలాగే అడగండి, వారు సంతోషంగా చెబుతారు.

పెదవాల్తేరు పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టర్ గారు చెప్పినట్లు యు నొక్కి ప్రయత్నించగానే మూడు బంగారాల అక్షరం వచ్చింది; నాకు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. ఇంకొక సందేహం. నేను టైపు చేసి పంపిన లేబుల్‌ను ప్రింటింగ్ ప్రెస్‌లో తెరిస్తే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తున్నాయట. పైగా మాకు హాంకాంగ్‌లోనూ ఒక కొనుగోలుదారు ఉన్నారు. వారికి కూడా ఇవే అక్షరాలు పనికివస్తాయా?

డాబాగార్డెన్స్ డీటీపీ

అమ్మా, తెలుగు పనికి అలవాటుపడిన ప్రెస్‌లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లు వాడేవారు ఉన్నారు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి కోడ్) తెలియదు కాబట్టి మీ చైనా అక్షరాలు అందులో అతికించగానే ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. వారికి టెక్స్ట్ పంపకుండా, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ పంపి దాన్ని యథాతథంగా ప్రింట్ చేయమనండి. ప్రశ్నార్థకాలు కాక ఖాళీ గళ్లు కనిపిస్తే అది ఫాంటు లోపం. నోటో శాన్స్ కుటుంబంలోని చైనా ఫాంటు ఉచితంగా దొరుకుతుంది.

హాంకాంగ్‌లో వాడేది సంప్రదాయ లిపి, ప్రధాన భూభాగంలో వాడేది సరళీకరించిన లిపి. మీ రొయ్య అక్షరమే రెండింటిలోనూ వేరుగా ఉంటుంది: సరళ రూపంలో పురుగు గుర్తు పక్కన ‘కింద’ అనే అక్షరం, సంప్రదాయ రూపంలో అదే గుర్తు పక్కన ఎక్కువ గీతలున్న మరో ముక్క. మీరు మళ్లీ టైపు చేయనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ పిన్‌యిన్ సెట్టింగులలో సంప్రదాయ అక్షరాలను ఎంచుకుంటే అదే పిన్‌యిన్‌కు ఆ రూపాలే వస్తాయి. రెండు లేబుళ్లనూ వేర్వేరు ఫైళ్లుగా ఉంచుకుని, ప్రెస్‌కు ఇచ్చే ముందు ఆ పీడీఎఫ్‌ను ఒకసారి కొనుగోలుదారుకు పంపి, సరేనన్న తర్వాతే ప్రింటుకు ఇవ్వండి.