నీటి కేంద్రాల్లో రేడాన్: పని గంటలు తగ్గిస్తే సరిపోతుందా?

మాధవ:
జర్మనీలో 2018 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, నీటిని తోడి శుద్ధి చేసి సరఫరా చేసే కేంద్రాల్లో సిబ్బంది పనిచేసే చోట గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువును ఏడాదిపాటు కొలవాలి. సగటు ఘనపు మీటరుకు 300 బెక్వెరెళ్లు (రేడియోధార్మికతకు కొలమానం) దాటితే తగ్గించే చర్యలు తీసుకోవాలి. ఫిష్టెల్‌గెబిర్గె వంటి గ్రానైట్ కొండల్లోని చిన్న ఊళ్లకు ఇది పెద్ద భారం. సిబ్బంది వారానికి గంటో రెండు గంటలో లోపల ఉండే కేంద్రాల్లో, యంత్రాల మీద ఖర్చు పెట్టే బదులు పని గంటలు రాసి పెట్టి పరిమితం చేస్తే చాలునని నా అభిప్రాయం.

సుజాత:
మాధవ గారూ, గంటలు తక్కువే గాని, ఆ గంటల్లోనే గాలి మరీ చెడుతుంది. రాతిలోని యురేనియం క్షయించగా పుట్టే రేడాన్ భూగర్భజలంలో కరిగి పైకి వచ్చి, నీరు చిమ్మినప్పుడూ జల్లుగా పడినప్పుడూ గాలిలోకి విడిపోతుంది. ట్యాంకు గోడలను గొట్టంతో కడిగేటప్పుడు మనిషి నిలబడేది అక్కడే, కానీ గోడకు వేలాడే పరికరం ఏడాది సగటే చెబుతుంది. 300 బెక్వెరెళ్ల గాలిలో 2,000 గంటలు, అంటే దాదాపు ఏడాది పనికాలం, గడిపితే అందే మోతాదు, 30,000 బెక్వెరెళ్ల గదిలో 20 గంటల్లోనే అందుతుంది.

మాధవ:
అలాగైతే పనివారి దుస్తులకే డోసిమీటరు, అంటే మనిషికి అందిన రేడియేషన్ మోతాదును కొలిచే పరికరం, తగిలించవచ్చు కదా. రేడాన్‌ను పోగొట్టేందుకు వేసవిలో బయటి తేమ గాలిని లోపలికి తోలితే చల్లని పైపులకు చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది. పైగా తాగునీటిలోకి దుమ్ము, పురుగులు పోకూడదు.

రమేశ్:
డోసిమీటరు తప్పక ఉండాలి. ఏడాదికి 6 మిల్లీసీవర్టులు (శరీరానికి అందే రేడియేషన్ మోతాదుకు కొలమానం) దాటే అవకాశం ఉన్నవారి విషయంలో చట్టం మరింత కఠినంగానే ఉంది. అయితే డోసిమీటరు లెక్క చెప్పేది గాలి పీల్చేశాక. 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ కారకమని తేల్చిన వాయువును ముందే తొలగించడం న్యాయం. అందుకు గదినంతటినీ గాలాడించనక్కరలేదు: నీటి ఉపరితలాన్ని, మనిషి తిరిగే చోటును గాజు గోడతో వేరు చేసి, ట్యాంకు పైభాగంలోని గాలిని విడి గొట్టం ద్వారా కప్పు మీదికి పంపి, లోపలికి వచ్చే గాలికి ఫిల్టరు పెడితే చెమ్మ, దుమ్ముల బెడద చాలావరకు తగ్గుతుంది.

మాధవ:
కొత్త కట్టడాలకు ఒప్పుకుంటాను. పాత ఇరుకు సంపుల్లో గాజు గోడకు చోటెక్కడిది? అక్కడ గంటల పరిమితే మార్గం.

సుజాత:
అక్కడ చేతితో మోసుకెళ్లే ఫ్యానును ముందుగా నడిపి, రీడింగు పడిపోయాకే మనిషిని దించాలి. ఆ ఫ్యానును, కొలిచే పరికరాన్ని నాలుగు పక్క ఊళ్లు కలిసి కొనుక్కోవచ్చు. గంటల పరిమితి ఆ తరువాతి మాట.